కరెంటుకు పట్టింపు లేదు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్లకు ఎడ్లబండ్ల కాలం గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది మొన్నమొన్నటి ముచ్చటే. కానీ కరెంటు కారున్నవాడికి ఐదారేళ్లంటే ఒక యుగం కింద లెక్క. ఆ రోజుల్లో కర్నూలు నుంచి కడప దాకా దోవలో ఛార్జింగు పెట్టుకునే చోటు దొరకడమే గగనం. దొరికితే అది పనిచేసేది కాదు. పనిచేసే చోట కాపలా మనిషి తాళంచెవి జేబులో వేసుకుని అన్నానికి పోయి ఉండేవాడు. అందుకని మాలాంటివాళ్లం ఊరికి బయల్దేరే ముందు, దోవలో ఎవరెవరి ఇండ్లలో పెద్ద ప్లగ్గు ఉంది, వాళ్లతో మనకు మాటలున్నాయా లేవా అని చూసుకునేవాళ్లం. చుట్టరికాలు బాగున్నవాడికే అది బండి, లేనివాడికి నాలుగు చక్రాల బీరువా. ఇప్పుడు కాలం బాగుపడింది. టీ తాగి వచ్చేలోపు బండి నిండిపోతోంది, ఎవరి గడపా ఎక్కాల్సిన పని లేదు. దానికి సంతోషించాల్సింది పోయి నేను దిగులు పడుతున్నాను. ఆ దిగులు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మా పెద్దత్త దగ్గరికి పోవాలి.

అప్పటికి నాకు ఉద్యోగం కొత్త, మీసం కొత్త, ఒకరి మాట వినకపోవడం మాత్రం పాత అలవాటే. మాది ఆత్మకూరు. కర్నూలులో ఒక విత్తనాల కంపెనీలో చేరి, పెద్దత్త ఇంట్లో మేడమీది గదిలో ఉండేవాణ్ని. పెద్దత్త మా నాయనకు అక్క. మామ పోయినాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే కాబట్టి నేను చేరడం ఇద్దరికీ కలిసొచ్చింది. నాకు వేళకింత తిండి దొరికింది, ఆమెకు తిట్టడానికొక మనిషి దొరికాడు. నాలుగు జీతాలు చేతిలో పడగానే, బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర ఆయన వాడిన కరెంటు కారు కొన్నాను. తాళాలు నా చేతికిచ్చేటప్పుడు ఆయన ముఖం లెక్కల పరీక్ష గట్టెక్కిన పిల్లవాడి ముఖంలా వెలిగింది. అమ్మేవాడు అంత సంతోషంగా ఉంటే కొనేవాడు కాస్త ఆలోచించుకోవాలని నాకు పెద్దలెవరూ చెప్పలేదు. (చెప్పారు. పెద్దత్తే చెప్పింది. పైన చెప్పిన పాత అలవాటు వల్ల నాకు వినపడలేదు.)

ఆ కారుకు పెద్దత్త పెట్టిన పేరు మూగబండి. చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి వీధిలో పడుకున్న కుక్క కూడా లేచేది కాదు. దిగి, దాన్ని బతిమాలి, మళ్లీ ఎక్కాల్సి వచ్చేది. ఇంట్లో దానికి ఛార్జింగు పెట్టడం ఇంకొక భాగవతం. వంటింటి కిటికీలోంచి వైరు బయటికి లాగాలి. వైరు పెట్టినప్పుడు నీళ్ల మోటారు వేస్తే ఇల్లంతా చీకటి. మోటారు మానేసి గ్రైండరు వేసినా చీకటే. "నీకు బండి కావాల్నా, దోసెలు కావాల్నా, ఇప్పుడే తేల్చుకో" అని పెద్దత్త పొద్దున్నే నిలదీసేది. నేను రెండూ కావాలనేవాణ్ని. చివరికి ఒక రోజు దోసెలు, ఒక రోజు ప్రయాణం అని ఒప్పందానికి వచ్చాం. వాన కురిసే ముందు గాలి లేస్తే చాలు కరెంటు పోయేది, మరుసటి రోజు నేను ఆఫీసుకు ఆటోలో పోయేవాణ్ని. ఆటోవాడు నన్ను గుర్తుపట్టి, "ఏం సార్, కారు కొన్నారంట కదా" అని పలకరించేవాడు.

అయినా సరే నా గొప్పలకు కొదవ లేదు. సాయంత్రం పూట పెద్దత్త వసారాలో చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, ఒలుస్తుంటే, పక్కన కూర్చుని కారు గుణగణాలు చెప్పేవాణ్ని. ఏసీ వేస్తే ఎంత తగ్గుతుంది, బరువు వేస్తే ఎంత తగ్గుతుంది, ఎండ మండితే ఎంత, ఎగువకు పోతే ఎంత. ఇంకెంత దూరం పోతుందో కారు తెర మీద ఒక అంకె చూపిస్తుందిగానీ, అది మన రాజకీయ నాయకుల మాటలాంటిదని, నమ్మి బయల్దేరకూడదని చెప్పేవాణ్ని. పెద్దత్త తల వంచుకుని కాయలు ఒలుస్తూనే, "అయితే ఏసీ వేసుకుని బరువేసుకుని పోతే బనగానపల్లె దాటదంటావు" అనేది. "దాటుతుంది గానీ ఎక్కువ దూరం పోదత్తా" అనేవాణ్ని. "దాటినాక కోవెలకుంట్ల దోవలో ఎంత దూరం?" అని మళ్లీ అడిగేది. ఇంత వయసులో ఆమెకు సైన్సు మీద పుట్టిన శ్రద్ధ చూసి మురిసిపోయి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

ఇక్కడ ఇంకొక మనిషి గురించి చెప్పాలి. పెద్దత్తకు ఒక చెల్లెలుంది, మా చిన్నత్త. బనగానపల్లె దాటి కోవెలకుంట్ల పోయే దోవలో వాళ్ల ఊరు. అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. కారణం వింటే చిన్నదే. చిన్నత్త కూతురి పెండ్లికి పెద్దత్తను ఇంటికొచ్చి పిలవకుండా ఫోన్లో పిలిచారు. మామ పోయిన ఏడాదికే ఆ పెండ్లి. తన గడప తొక్కడం ఇష్టం లేకే ఫోన్ చేశారన్న మాట పెద్దత్త మనసులో ముల్లులా దిగిపోయింది. పెండ్లికి పోలేదు. "అక్కే రాని పెండ్లి చేసినా, ఇంక ఆ ఇంటి నీళ్లు ముట్టను" అని చిన్నత్త ఎవరితోనో అన్నది. ఆ మాట కర్నూలు చేరగానే పెద్దత్త కూడా ఒట్టేసుకుంది. మా సీమలో మాటలు మానేయడం వేరు, నీళ్లు మానేయడం వేరు. మాటలు మానేసినవాళ్లు తిరనాళ్లలో ఎదురుపడితే కలుస్తారు. నీళ్లు మానేసినవాళ్లు కలవాలంటే ఎవరో ఒకరు ఓడిపోవాలి, మా ఇంటి ఆడవాళ్లు ఓడిపోవడం ఎరగరు. మా నాయన మధ్యలో రాయబారాలు నడిపి నడిపి చేతులెత్తేశాడు. అట్లా ఏళ్లు గడిచిపోయాయి. ఆ ఎండాకాలం మొదట్లో చిన్నత్తకు గుండె ఆపరేషన్ అయిందని కబురొచ్చింది. ఆ పూట పెద్దత్త పొయ్యి వెలిగించలేదు.

మామిడిపండ్ల కాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున పెద్దత్త ఉతికిన చీర కట్టుకుని, "బండి తియ్యి, పండ్లకు పోదాం" అంది. "ఎక్కడికత్తా?" అన్నాను. అనకూడని మాట అనేశాను. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే పోయిన పని కాదు. ఆమె మళ్లీ లోపలికి పోయి కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని వచ్చింది. మామూలు బండ్లవాళ్లకు ఈ ఆచారంతో చిక్కు లేదు. కరెంటు కారుకు మాత్రం ఎక్కడికో ముందే తెలిసి తీరాలి. నేను నోరు మూసుకుని, పండ్లంటే బనగానపల్లె అయ్యుంటుందని నా అంతట నేను లెక్క వేసుకున్నాను. అంతలో ఎదురింటాయన చేత ఒక సోనామసూరి బియ్యం మూట తెప్పించి వెనక సీటులో వేయించింది. "పండ్లు కొనడానికి బియ్యం ఎందుకత్తా?" అని అడిగితే, "ఖాళీ చేతుల్తో పోతే పండ్లు మాత్రం ఎవురిస్తారు" అంది. ఆ జవాబులో ఏదో తిరకాసు ఉందనిపించింది గానీ, అప్పటికే ఆలస్యమైందని బండి తీశాను.

ఊరు దాటగానే, "ఏసీ వెయ్యి నాయనా" అంది. నాకు ఆశ్చర్యమేసింది. ఫ్యాను గాలికే మోకాళ్లు నొస్తాయని ఎండాకాలమంతా విసనకర్రతో గడిపే మనిషి. "తగ్గిస్తానత్తా, ఛార్జింగు తినేస్తుంది" అంటే, "పెద్దదాన్ని, ఉక్కకు తట్టుకోలేను, ఇంకా పెంచు" అని ఎదురు తిరిగింది. చీర కొంగు చెవుల మీదుగా కప్పుకుని వణుకుతూనే ఏసీ పెంచమంటోంది. దోవలో ఇద్దరు చుట్టాల ఇండ్ల ముందు ఆపించింది. (ఊరి మీదుగా పోతూ ఇంట్లోకి రాకపోతే మా వైపు అది జన్మకు గుర్తుండే అవమానం.) ఇంట్లో ఆమె మజ్జిగ తాగినంతసేపూ కారులో ఏసీ ఆపొద్దంది, సీటు వేడెక్కుతుందట. బనగానపల్లె చేరేసరికి తెర మీది అంకె చూసి నాకు చెమటలు పట్టాయి, ఏసీలో ఉండి కూడా. అంగళ్ల ముందు పండ్లు రాసులు పోసి ఉన్నాయి. ఆపబోతే, "ఇవి మందేసి మాగబెట్టినవి. ఇంకొంచెం ముందుకు పోతే తోటలుండాయి, పోనీ" అంది. "ఈ దోవ చిన్నత్త వాళ్ల ఊరి మీదుగా పోతుంది కదత్తా" అన్నాను మెల్లగా. "దోవ ఏ ఊరికైనా పోతాది. దోవకేం పట్టింపు" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రెండు పక్కలా నాపరాళ్లు నిలబెట్టి కట్టిన చేల గోడలు, మధ్యలో మండుతున్న రోడ్డు, నోరెండిపోయి నేను. కాసేపటికి తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. బండి నీరసించిందని చెప్పడానికి కంపెనీవాళ్లు పెట్టిన గుర్తు అది. పెద్దత్త కళ్లు చికిలించి చూసి, "తాబేలు కనపడితే మంచిదే, శుభం" అంది. ఆ శుభం మమ్మల్ని ఇంకొంత దూరం ఈడ్చుకుపోయి, చిన్నత్త వాళ్ల ఊళ్లో పాలకేంద్రం ముందు సరిగ్గా నిలబడిపోయింది. నలుగురు చేరారు. "ఏమప్పా, పెట్రోలు అయిపోయిందా?" అని ఒకాయన అడిగాడు. కరెంటు బండి అంటే, "అయితే స్తంభం కింద పెట్టల్లా" అని ఇంకొకాయన సలహా ఇచ్చాడు. పెద్ద ప్లగ్గు ఊళ్లో ఎవరింట్లో ఉందని అడిగాను. అందరూ ఒకే ఇల్లు చెప్పారు. ఆపరేషన్ అయినాక భార్యకు ఉక్క తగలకూడదని మా చిన్నమామ ఈమధ్యే ఏసీ పెట్టించాడట. తోస్తాం పదమన్నారు. నేను దిగి స్టీరింగు పట్టుకుని నడిచాను, పెద్దత్త దిగలేదు. వెనక పదిమంది తోస్తుంటే ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా కూర్చుని చెల్లెలి ఇంటి ముందుకు వచ్చింది.

చిన్నమామ అరుగు మీంచి చూసి, తువ్వాలు భుజాన వేసుకోవడం కూడా మరచి పరుగెత్తుకొచ్చాడు. "వదినా, దిగు వదినా" అని తలుపు తీయబోయాడు. పెద్దత్త లోపలి నుంచి గట్టిగా పట్టుకుంది. "దిగను. ఈ ఇంటి నీళ్లు ముట్టనని ఒట్టేసుకున్యా" అంది.

"నిన్ను నీళ్లు తాగమనలేదత్తా. బండికి కరెంటు కావాల, అంతే" అన్నాను నేను ఏడుపు గొంతుతో.

పెద్దత్త న్యాయం చెప్పే పెద్దమనిషిలాగా గొంతు సర్దుకుంది. "కరెంటు వీళ్లు చేసింది కాదు, వీళ్ల బాయిలో ఊరింది కాదు. యాన్నుంచో తీగల మీద వస్తాది. కరెంటుకు పట్టింపు లేదు. పెట్టుకో."

తలుపు చాటు నుంచి చిన్నత్త గొంతు వినపడింది. "అబ్బోడా, కరెంటు ఎంత కావల్నో అంత పెట్టుకోమని చెప్పు. ఈ ఇంట్లో ఎవురినీ నీళ్లు తాగమని బలవంతం చేసేటోళ్లు లేరని కూడా చెప్పు."

"నాకు చెవులుండాయి, వినపడిందని చెప్పు" అంది పెద్దత్త. నేను ఇటు చెప్పాను. అటు చెప్పాను. ఇద్దరికీ మధ్య ఉన్న దూరం మంచం పొడవు కూడా లేదు. ఆ ఎండలో నిలబడి వినపడిన మాటలనే మళ్లీ వినిపించే ఉద్యోగం చేస్తూ, పెట్రోలు కారున్న నా స్నేహితులందరినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాను.

చిన్నమామ కిటికీలోంచి వైరు అందించాడు. ప్లగ్గు పెట్టాను. ఛార్జరు పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ ఎరుపే. చిన్నమామ వంగి చూసి తల గోక్కున్నాడు. "ఎర్తు అందడంల్యా అల్లుడా. ఇంటెనక ఎర్తు గుంత ఎండిపోయింటాది. బిందెడు నీళ్లు, ఇంత కల్లుప్పు పోస్తే గానీ భూమి పట్టదు. మనుషులకే కొళాయి దినం తప్పి దినం వస్తాంటే గుంతకు యాడ పోస్తాం." ఆ రోజు కొళాయి రాని దినం. ఇంట్లో ఉన్న నీళ్లు మరుసటి రోజు దాకా జరగాలి. నీళ్లు అనే మాట వినపడగానే వీధిలో అందరి చూపూ కారు మీదికి పోయింది. పెద్దత్త కారులో కొంగు సర్దుకుని, "అక్కర్లేదు. కదలకపోతే ఈడనే ఉంటాదిలే బండి" అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

అప్పుడు తలుపు తెరుచుకుంది. చిన్నత్త బయటికొచ్చింది. నేను చూసి చాలా కాలమైంది, మనిషి సగమైపోయింది. నడుం మీద స్టీలు బిందె, నిండుగా. ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగుతోంది. మేము కదిలేలోపే కారు అద్దం కిందికి దిగింది. (పెద్దత్తకు తలుపు తీసే మీట ఏదో తెలియక దొరికిందల్లా నొక్కుతోంది. వైపర్లు కూడా ఆడాయి.)

"మే, దించు. ముందు దించు దాన్ని. గుండె కోసి మూడు నెలలు కాల్యా, బిందె ఎత్తుతావా? ఆ మొగుడు ఏంటికుండాడు నీకు?"

ఎట్లా తీసిందో తలుపు తీసింది. మోకాళ్ల నొప్పుల మనిషి చెప్పులు కూడా వదిలేసి పోయి చెల్లెలి నడుం మీంచి బిందె లాక్కుంది. నీళ్లు తొణికి ఇద్దరి చీరలూ తడిశాయి. చిన్నత్త గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటూ, "గుండె కోసినారని నీకెవురు చెప్పినారు?" అంది.

"ఎవురో చెప్పినారు."

"తెలిసి కూడా రాల్యా నువ్వు."

"వచ్చినా కదా" అంది పెద్దత్త.

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదనుకుంటాను. బిందె చంకనేసుకుని గబగబా ఇంటి వెనక్కి నడిచింది. తోటల్లో పండ్ల కోసం బయల్దేరామన్న మాట నేనూ ఎత్తలేదు. చిన్నమామ దోసిట్లో కల్లుప్పు పట్టుకుని ఆమె వెనకే పోయాడు. గుంతలో ఉప్పు వేసి, బిందె వంచారు. ఆ ఎండిన నేల నీళ్లు పీల్చుకునే చప్పుడు వీధి దాకా వినపడింది. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఆ దీపం చూసినవాణ్ని నేనొక్కణ్నే. మిగతావాళ్ల చూపులన్నీ పెద్దత్త పోయిన ఇంటి వెనక వైపే ఉన్నాయి.

పెద్దత్త ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. చిన్నత్త చెంబు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. "ముట్టినావు కదక్కా నీళ్లు" అంది.

"ముట్టినా. తాగల్యా."

"ఉప్పు తినింది, నీళ్లు తాగింది నీ బండి. ఇంక నీకేం మిగిలింది పట్టింపు" అని చెంబు చాచింది. పెద్దత్త చెంబు వైపు చూసింది, బండి వైపు చూసింది. పక్కన కూర్చుని చెంబు పైకెత్తి ఆపకుండా తాగింది. మూతి తుడుచుకుని, "ఇంటికొచ్చి పిలవల్యా నన్ను నువ్వు" అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "బావ పోయిన ఇంట్లోకి పెండ్లి పత్రిక పట్టుకుని ఏ ముఖంతో రావల్నో తెలీల్యాక్కా. ఫోన్ చేస్తా ఏడ్చినా. నువ్వు పెట్టేస్తివి" అంది చిన్నత్త. ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చిన్నమామ నన్ను భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయి జొన్నరొట్టె పెట్టాడు. తింటున్నంతసేపూ ఆయన కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు, రొట్టెలోకి నంజుకున్న పచ్చిమిరపకాయ శానా కారమట.

సాయంత్రానికి గాలి లేచి కరెంటు పోయింది. మరుసటి రోజు వచ్చింది గానీ, బండి నిండిందని చెప్పబోతే పెద్దత్త, "ఇంకొంచెం నిండనీ" అంది. అట్లా మూడు రోజులు నిండింది ఆ బండి. ఆఫీసుకు ఫోన్ చేసి ఛార్జింగు ఎక్కలేదు సార్ అంటే, మేనేజరు సైకిలు కొనుక్కోమన్నాడు. బియ్యం మూట ఎందుకు తెచ్చామో రెండో రోజు బొబ్బట్లు, మా వైపు మాటలో ఓళిగలు, తింటున్నప్పుడు గానీ నాకు తట్టలేదు. బియ్యం చిన్నత్త ఇంట్లోనే దిగిపోయాయి. తిరుగుదారిలో బనగానపల్లె అంగళ్ల ముందు ఆపి, "పండ్లో అత్తా?" అంటే, "కర్నూల్లో దొరకవా ఏం?" అంది. ఏసీ వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. గాలికి మోకాళ్లు నొస్తాయట.

ఆ తర్వాత మూగబండిని అమ్మేశాను. (నా ముఖంలో కూడా ఆ ఆఫీసరు ముఖంలోని వెలుగే ఉండి ఉంటుంది.) కొత్తది కొన్నప్పుడు పెద్దత్తకు గొప్పగా చెప్పాను, కర్నూలులో నింపితే కడప దాకా తిరిగి చూడక్కర్లేదని. ఆమె ఒలుస్తున్న కాయ పక్కన పెట్టి, "మధ్యలో యాడా నిలబడదా?" అంది. నిలబడదన్నాను. "అట్లనా" అని మళ్లీ కాయ అందుకుంది. అంత మంచి బండి చూసి ఆమె ముఖం ఎందుకు చిన్నబోయిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పోయినేడు పెద్దత్త పోయింది. దినాల నాడు చిన్నత్త నా పక్కన కూర్చుని చెప్పింది. "నీ బండి యాడ నిలబడతాదో మీ అత్తకు ముందే ఎరుకరా. నువ్వే దినామూ చెప్తాంటివంట కదా. నా కాళ్లతో నేను పోతే ఓడిపోయినట్లు, బస్సులో పోయినా ఓడిపోయినట్లే, బండి నిలబడిపోతే ఎవురూ ఓడినట్లు కాదు అనింది నాతో." నేను సైన్సు చెబుతున్నానని మురిసిపోయిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ చెనిక్కాయల చప్పుడు, ఆ వసారా, ఏసీకి వణుకుతూ ఇంకా పెంచమన్న ఆ మనిషి మళ్లీ కావాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు పని మీద ఆ దోవన తరచూ పోతుంటాను. కొత్త బండికి ఆ ఊళ్లో ఆగాల్సిన అవసరం లేదు. మొన్న కూడా తెర మీద సగానికి పైగా చూపిస్తోంది. పాలకేంద్రం దగ్గరికి వచ్చేసరికి బండి తనంతట తానే నెమ్మదించింది. (నడిపేది నేనే అనుకోండి.) చిన్నత్త అరుగు మీదే ఉంది. "ఏం అబ్బోడా, నిలబడిపోయిందా?" అంది.

"అవునత్తా. ఒక్క అడుగు కదలనంటాంది" అన్నాను.

ఆమె బండి వైపు తిరిగి కూడా చూడలేదు. నా చేతికి ఒక చెంబు నీళ్లిచ్చి, ఇంకొక చెంబు ముంచుకుని, గోడ పట్టుకుని మెల్లగా ఇంటి వెనక గుంత దగ్గరికి నడిచింది.